అన్ని మతాలూ ఒకటేనా? యేసు ఒక్కడే మార్గం అంటే మిగతావాళ్ళని తక్కువ చేసినట్టా?

"అన్ని మతాలూ ఒకటే కదండీ, దేవుడు ఒక్కడే కదా, మరి మీరు మాత్రం యేసు ఒక్కడే మార్గం అంటారేంటి?" ఈ ప్రశ్న ఎదురవని తెలుగు క్రైస్తవుడు ఉండడు. ఆఫీసులో లంచ్ టైంలో అడుగుతారు, ట్రైన్లో పక్క సీటాయన అడుగుతాడు, సగం మంది హిందువులు సగం మంది క్రైస్తవులు ఉన్న ఇళ్ళల్లో అయితే పండక్కి కలిసినప్పుడల్లా వస్తుంది. మనవాళ్ళు దీనికి ఎక్కువగా రెండే రకాలుగా స్పందిస్తారు. గొడవెందుకులే అని "అవునండీ, అన్నీ మంచే చెప్తాయి" అనేసి టాపిక్ మార్చేస్తారు. లేదంటే వెంటనే యోహాను 14:6 తీసి "నేనే మార్గమును, సత్యమును, జీవమును, నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు" అని చదివేసి, ఇక మాట్లాడేదేం లేదన్నట్టు కూర్చుంటారు. మొదటాయన తను నమ్మనిది చెప్పాడు, రెండో ఆయన నమ్మేదే చెప్పాడు గానీ అడిగినాయనకి ఏమీ అర్థం కాలేదు.

చిక్కెక్కడుందంటే ఆ ఒక్క ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. అన్ని మతాలవాళ్ళకీ చట్టం ముందు సమాన హక్కులుండాలా అన్నది ఒకటి, ఏ మతంలో ఉన్నా మనుషులంతా సమానమేనా అన్నది ఇంకోటి, అన్ని మతాలూ చెప్పేది ఒకటేనా అన్నది మూడోది, ఏ దారిలో వెళ్ళినా రక్షణ దొరుకుతుందా అన్నది నాలుగోది. అడిగేవాళ్ళ మనసులో చాలాసార్లు ఉండేది మొదటి రెండే, అంటే "మమ్మల్ని మీరు తక్కువగా చూస్తున్నారా?" అని. మనం జవాబిచ్చేది నాలుగోదానికి. అందుకే ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండానే లేచిపోతారు.

హక్కుల సంగతి ముందు. మన రాజ్యాంగం 25వ అధికరణ ప్రతి ఒక్కరికీ తన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఇది మైనారిటీలకి అవసరం కాబట్టి మనం ఒప్పుకోవాలని కాదు, క్రైస్తవులు మెజారిటీగా ఉన్న దేశాల్లో కూడా హిందువుకి, ముస్లింకి, నాస్తికుడికి ఇదే హక్కు ఉండాలని క్రైస్తవుడు మనస్ఫూర్తిగా కోరుకోవాలి, ఎందుకంటే బలవంతంతో పుట్టింది విశ్వాసమే కాదు. మార్కు 10లో ఆస్తిపరుడు ఒకాయన యేసు దగ్గరికి వచ్చి, ఆయన చెప్పింది నచ్చక, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతాడు. యేసు అతన్ని చూసి ప్రేమించాడని రాసి ఉంది, వెనక్కి లాక్కొచ్చాడని లేదు. మరి మన చరిత్రలో లాక్కొచ్చిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి, గోవాలో పోర్చుగీసువాళ్ళు 1560లో మొదలుపెట్టిన మతవిచారణ (ఇంక్విజిషన్), అంటే విశ్వాసం విషయంలో జనాన్ని విచారించి శిక్షించడం, మధ్యలో కొన్నేళ్ళు ఆగినా 1812 దాకా నడిచింది. "అది క్యాథలిక్కులు చేసింది, మేం ప్రొటెస్టెంట్లం" అని తప్పించుకోవడం నాకు ఇష్టం ఉండదు. క్రీస్తు పేరు పెట్టుకుని చేశారు, అది పాపం, అంతే.

మనుషుల సమానత్వం గురించి పెద్దగా చర్చే లేదు. ఆదికాండము 1:27 ప్రకారం దేవుని స్వరూపంలో చేయబడింది మనిషి, క్రైస్తవుడు మాత్రమే కాదు. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి, క్రైస్తవులు కాని వాళ్ళలో మనకంటే నిజాయితీగా, దయగా, త్యాగంతో బతికేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. మన సంఘాల్లోకి వస్తే ఈ రోజుకీ కులం చూసి పెళ్ళి సంబంధాలు చూసుకునేవాళ్ళం, ఒకే ఊళ్ళో ఒక్కో కులానికి ఒక్కో చర్చి పెట్టుకున్నవాళ్ళం మనం. "మా మతంలో ఉన్నవాళ్ళు మీకంటే మంచోళ్ళు" అనేది సువార్త కాదు, ఆ పోటీ పెట్టుకుంటే చాలా ఊళ్ళల్లో మనం ఓడిపోతాం. యేసు శిష్యుడు పేతురు రాసింది కూడా తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని.

ఇప్పుడు అసలు విషయం, అన్ని మతాలూ చెప్పేది ఒకటేనా?

నీతి విషయంలో చాలావరకు ఒకటే, కాదనను. అబద్ధం ఆడొద్దు, దొంగతనం చేయొద్దు, తల్లిదండ్రుల్ని గౌరవించు, ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టు, ఇవి ఎక్కడైనా ఉంటాయి. దీనికి క్రైస్తవుడు ఆశ్చర్యపోనక్కర్లేదు, యూదులకి దేవుడిచ్చిన ధర్మశాస్త్రం లేని జనాల హృదయాల మీద కూడా దాని సారం రాసి ఉందని, వాళ్ళ మనస్సాక్షి సాక్ష్యం ఇస్తుందని అపొస్తలుడు పౌలు రోమా 2లో ముందే రాశాడు. కానీ నీతి సూత్రాల లిస్టు పక్కన పెట్టి అసలు దేవుడెవరు, మనిషి సమస్య ఏంటి, దానికి పరిష్కారం ఏంటి అని అడిగితే అక్కడ దారులు విడిపోతాయి. జైనం, బౌద్ధం సృష్టికర్త అయిన దేవుణ్ణి ఒప్పుకోవు. ఆత్మ ఉందని జైనులంటే, శాశ్వతమైన ఆత్మంటూ లేదని బౌద్ధులంటారు. అద్వైతి జీవుడూ బ్రహ్మమూ ఒకటే అంటే మధ్వాచార్యులవారు ఆ రెండూ ఎప్పటికీ వేరే అన్నారు, ఇది ఒకే సంప్రదాయం లోపల జరిగిన వాదం. ఇక యేసు విషయానికొస్తే, ఖురాన్ 4:157 ఆయన్ని వాళ్ళు చంపలేదు, సిలువ వేయలేదు అంటుంది, నాలుగు సువార్తలూ ఆయన సిలువ మీద చనిపోయాడనే చెప్తాయి. చనిపోయాడా లేదా అనేది అభిప్రాయం కాదు, జరిగిందో జరగలేదో ఒకటే నిజం. ముస్లిం స్నేహితుడితో కూర్చుని "మనిద్దరం చెప్పేది ఒకటేలే" అంటే అతని ఖురాన్ని నేను చదవలేదని అర్థం, నా సువార్తని కూడా నేను సీరియస్‌గా తీసుకోలేదని అర్థం. అదే ఖురాన్ 3:85లో ఇస్లాం కాకుండా వేరే ధర్మం కోరుకుంటే అది స్వీకరించబడదని ఉంది, కాబట్టి "ఒక్కటే మార్గం" అనే మొండితనం క్రైస్తవులకే ఉందనుకోవడం కూడా కరెక్ట్ కాదు.

ఇక్కడ మన దేశంలో చాలామంది చెప్పేది "మా దగ్గర ఆ మొండితనం లేదు, ఏకం సత్ విప్రా బహుధా వదంతి" అని. ఋగ్వేదం మొదటి మండలంలోని మాట అది, సత్యం ఒకటే, జ్ఞానులు దాన్ని రకరకాలుగా చెప్తారని. 1893 చికాగో సభలో వివేకానందుడు శివమహిమ్న స్తోత్రంలోంచి నదులన్నీ సముద్రంలో కలిసినట్టే అనే శ్లోకం చెప్పాడు, అప్పట్నుంచి ఆ పోలిక మనవాళ్ళందరికీ కంఠస్థం. అది పెద్ద మనసుతో అన్న మాటే, కాదనట్లేదు. కానీ కొంచెం దగ్గరికెళ్ళి చూడండి. ఆ సముద్రం ఎవరు? ఆ శ్లోకం శివుడితో అంటున్న మాట, అందరూ చివరికి చేరేది నిన్నే అని. గీత 9:23లో కృష్ణుడు ఏమన్నాడు, వేరే దేవతల్ని శ్రద్ధగా పూజించేవాళ్ళు కూడా నన్నే పూజిస్తున్నారు, కాకపోతే విధి ప్రకారం కాదు అన్నాడు. మన అన్నమయ్య "ఎంత మాత్రమున ఎవ్వరు దలచిన అంతమాత్రమే నీవు" అని పాడాడు, వైష్ణవులు విష్ణువంటారు, వేదాంతులు పరబ్రహ్మమంటారు, శైవులు శివుడంటారు, కాపాలికులు ఆదిభైరవుడంటారు, ఎంత విశాలంగా ఉంటుందో ఆ కీర్తన, వింటుంటే నాకూ ఇష్టమే. కానీ ఆ "నీవు" అన్నది వేంకటేశ్వరుణ్ణి, చివరికి అన్నమయ్య శరణు కోరింది కూడా ఆయన్నే, అదే తనకి పరతత్త్వం అన్నాడు. అంటే ఇవేవీ "అన్నీ సమానమే" అనట్లేదు, "అందరూ తెలిసో తెలియకో మా దైవం దగ్గరికే వస్తున్నారు" అంటున్నాయి. మధ్యలో ఒక కేంద్రం ఉంది. రామకృష్ణ మఠాల్లో క్రిస్మస్ ముందురోజు సాయంత్రం యేసు పటం పెట్టి భక్తిగా పూజ చేస్తారు, ఆ గౌరవం నిజమైనదే, కానీ అక్కడ యేసు కూర్చున్నది వేదాంతం వేసిన కుర్చీలో, అనేక అవతారాల్లో ఒకరిగా. నేను ఏకైక కుమారుణ్ణి అన్న యేసు ఆ కుర్చీలో పట్టడు.

నేను చెప్పేది ఏంటంటే, కేంద్రం లేని మనిషి ఎవడూ లేడు. లేదనుకునేవాడికి కూడా ఒకటి ఉంటుంది.

దీన్ని బాగా పట్టుకున్నది లెస్లీ న్యూబిగిన్ అనే ఆయన. ఇంగ్లండు నుంచి మిషనరీగా వచ్చి తమిళనాడులో దశాబ్దాలు ఉన్నాడు, 1947లో దక్షిణ ఇండియా సంఘం, అదే మన సీఎస్సై, ఏర్పడినప్పుడు మధురై ప్రాంతానికి బిషప్ అయ్యాడు. కాంచీపురంలో ఉన్నప్పుడు రామకృష్ణ మఠం సన్యాసులతో కూర్చుని ఉపనిషత్తులూ యోహాను సువార్తా కలిసి చదివిన మనిషి, అంటే ఎదుటివాళ్ళ గ్రంథం తెరవకుండా మాట్లాడిన రకం కాదు. గుడ్డివాళ్ళూ ఏనుగూ కథ తెలుసు కదా, తొండం పట్టుకున్నవాడు ఒకటంటాడు, కాలు పట్టుకున్నవాడు ఇంకోటంటాడు, అలా మతాలన్నీ ఒకే సత్యాన్ని తలో ముక్కగా పట్టుకున్నాయని చెప్పడానికి వాడతారు. న్యూబిగిన్ అడిగింది ఒక్కటే, ఆ కథ చెప్తున్నవాడి సంగతేంటి? అది మొత్తం ఏనుగని అతనికెలా తెలిసింది? అతనికి కళ్ళున్నాయి కాబట్టి. అంటే "మీరంతా ముక్కలే చూశారు, నేను మొత్తం చూశాను" అని చెప్తున్నది కథ చెప్పేవాడే. క్రైస్తవుడిది అహంకారం అని అనేవాళ్ళు ఈ క్లెయిమ్ కూడా అంతే పెద్దదని గమనించాలి. బర్మింగ్‌హామ్‌లో ప్రొఫెసర్‌గా చేసిన జాన్ హిక్ అనే తత్వవేత్త ఈ బహుమార్గ వాదాన్ని చాలా శ్రద్ధగా కట్టాడు, అన్ని మతాల దేవుళ్ళ వెనకాల మాటలకందని ఒక పరమసత్యం ఉంది, తండ్రి అన్నా అల్లా అన్నా శివుడన్నా మనుషుల సంస్కృతులు దానికి తొడిగిన రూపాలే అన్నాడు. వినడానికి ఎంతో వినయంగా ఉంది గానీ దాని అర్థం ఏంటంటే ముస్లిం అల్లా గురించి నమ్మేదీ, వైష్ణవుడు విష్ణువు గురించి నమ్మేదీ, నేను యేసు గురించి నమ్మేదీ, మేం నమ్ముతున్న అర్థంలో ముగ్గురిదీ తప్పే, కరెక్ట్ హిక్ గారిదొక్కటే. ముగ్గుర్నీ ఒప్పుకున్నట్టు కనపడుతూ ముగ్గుర్నీ కాదనడం ఇది.

ఇదంతా చెప్పినంత మాత్రాన క్రైస్తవం నిజమని రుజువైపోదు, అది నాకు తెలుసు. "అన్నీ సమానం" అనే మాట పైకి కనిపించినంత న్యూట్రల్ కాదని మాత్రమే తేలింది. మరి క్రైస్తవుడు "యేసు ఒక్కడే" అని ఏ ఆధారంతో అంటాడు? మా బోధ గొప్పది అనా? కాదు. కొండమీది ప్రసంగం చాలా గొప్పదే, గాంధీ గారు కూడా దాన్ని ఎంతో ప్రేమించారు, కానీ క్రైస్తవ్యం నిలబడింది బోధ మీద కాదు, ఒక సంఘటన మీద. పొంతి పిలాతు గవర్నరుగా ఉన్న రోజుల్లో యెరూషలేము బయట ఒక మనిషిని సిలువ వేశారు, మూడో రోజు ఆయన లేచాడు అని. అది జరగకపోతే అంతా పోయినట్టే, పౌలే రాశాడు, "క్రీస్తు లేపబడియుండనియెడల మేము చేయు ప్రకటన వ్యర్థమే, మీ విశ్వాసమును వ్యర్థమే" అని.

సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థన ఒకసారి నిదానంగా చదవండి. "నా తండ్రీ, సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము." ఒక్కసారి కాదు, మూడుసార్లు. శిష్యులు నిద్రపోతున్నారు, ఈయన నేలమీద సాగిలపడి అడుగుతున్నాడు, ఇంకో దారి ఉంటే అని. మనిషి తన పుణ్యంతో, తన ధ్యానంతో, తన యాత్రలతో, తన ఉపవాసాలతో దేవుణ్ణి చేరుకోగలిగేదుంటే ఆ ప్రార్థనకి తండ్రి "ఉంది, లేచి రా" అని చెప్పి ఉండేవాడు. చెప్పలేదు. పౌలు గలతీయులకి రాస్తూ నీతి ధర్మశాస్త్రం వల్లే దొరికేదైతే "క్రీస్తు చనిపోయినది నిష్‌ప్రయోజనమే" అన్నాడు, గమనించండి, ఆయన ఇక్కడ అన్యమతాల గురించి కాదు, దేవుడే ఇచ్చిన ధర్మశాస్త్రం గురించి అంటున్నాడు. యూదు మతమే చాలదు అన్నప్పుడు మన చర్చి మెంబర్‌షిప్ మాత్రం ఎలా సరిపోతుంది? అందుకే నేను "క్రైస్తవ మతం రక్షిస్తుంది" అని ఎప్పుడూ అనను, క్రీస్తు రక్షిస్తాడు అంటాను. సిలువ మీద పక్కనున్న దొంగకి బాప్తిస్మం లేదు, సంఘ సభ్యత్వం లేదు, చేసిన మంచి పనులు అసలే లేవు, ఉన్నదల్లా పక్కన యేసు. ఆ ఉన్నదే సరిపోయింది.

"సరే, నువ్వు క్రైస్తవ ఇంట్లో పుట్టావు కాబట్టి ఇలా మాట్లాడుతున్నావు, హిందూ ఇంట్లో పుట్టుంటే అలాగే మాట్లాడేవాడివి" అని తర్వాతి ప్రశ్న వస్తుంది. నిజమే కావచ్చు, కానీ అదే లాజిక్ "అన్నీ ఒకటే" అనేవాళ్ళకీ వర్తిస్తుంది, ఈ కాలంలో ఈ దేశంలో పుట్టారు కాబట్టే వాళ్ళకి అది సహజంగా అనిపిస్తోంది. ఒక నమ్మకం ఎక్కడ్నుంచి వచ్చిందనేది దాని నిజానిజాలు తేల్చదు. పైగా మన తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి ఈ మాట చరిత్రపరంగానే పొసగదు, కొన్ని తరాలు వెనక్కెళ్తే ఎవరూ క్రైస్తవులు కారు.

ఒంగోలు దగ్గర తాళ్ళకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య అని ఒకాయన ఉండేవాడు, మాదిగ. అప్పట్లో ఆయన గుళ్ళో అడుగుపెట్టే వీలే లేదు, మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశాన్ని హక్కుగా ఇచ్చిన చట్టం వచ్చింది 1947లో. అయినా దేవుడి కోసం వెతుకుతూ రాజయోగం నేర్పే గురువుల దగ్గర చేరి ఏళ్ళ తరబడి సాధన చేశాడు. యేసు గురించి విన్నాక 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు, ఆ తర్వాత ఊరూరా తిరిగి తనవాళ్ళకి చెప్పాడు. 1876–78 కరువులో మిషనరీ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయిపోయాక, 1878 జులై 3న, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇంత పెద్ద కదలిక వెనక ఉన్నది క్లఫ్ కంటే ఎక్కువగా పేరయ్య లాంటివాళ్ళు. "అన్ని మతాలూ సమానమే కదా, ఎందుకు మారడం" అని వాళ్ళని అడిగి ఉంటే ఏమనేవాళ్ళో ఆలోచించండి. గాంధీ గారికీ దోర్నకల్ బిషప్ అజరయ్య గారికీ 1930లలో సరిగ్గా దీనిమీదే భేదం వచ్చింది. మతాలన్నీ ఒకే చెట్టు కొమ్మలు, మారాల్సిన పనిలేదని గాంధీ గారి వాదన. తన ప్రాంతంలో మాల మాదిగ పల్లెలు యేసుని ఎందుకు హత్తుకున్నాయో కళ్ళారా చూసిన మనిషి అజరయ్య గారు. గాంధీ గారంటే నాకు గౌరవం ఉంది, కానీ ఈ విషయంలో ఆయన పల్లెవాళ్ళ వెతుకులాటని తక్కువ అంచనా వేశారనే అనుకుంటాను. పేదవాడికి కూడా ఏది సత్యమో తేల్చుకునే బుర్ర ఉంటుంది, అతను మారితే ఎవరో మభ్యపెట్టారనే ఎందుకనుకోవాలి?

అదే పేరయ్య కథ క్రైస్తవులకి కూడా ఒకటి చెప్తుంది. ఆయన సువార్త వినకముందు చేసిన వెతుకులాట అంతా వృథానా? నేనైతే కాదనే అంటాను. అపొస్తలుల కార్యములు 17లో పౌలు ఏథెన్సు వెళ్తాడు, ఊరు నిండా విగ్రహాలు చూసి ఆత్మలో పరితాపపడ్డాడని ఉంది. కానీ అరేయొపగు అనే ఆ ఊరి సభ మధ్య నిలబడి మాట్లాడేటప్పుడు తిట్టలేదు, మీరు ఎంతో దేవతాభక్తి గలవాళ్ళని నాకు కనపడుతోంది అని మొదలుపెట్టాడు, "తెలియబడని దేవునికి" అని రాసిన బలిపీఠం చూశానన్నాడు, వాళ్ళ కవి రాసిన "మనమాయన సంతానము" అనే మాటనే ఎత్తి చూపించాడు. ఆ తర్వాత మారుమనస్సు పొందాలని, మృతుల్లోంచి లేచిన ఒకాయన ద్వారా దేవుడు తీర్పు తీరుస్తాడని సూటిగా చెప్పాడు. పునరుత్థానం అనగానే కొందరు నవ్వారు, ఆయన ఆ మాట వెనక్కి తీసుకోలేదు. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ తత్వవేత్త, తర్వాత విశ్వాసం కోసం చంపబడి హతసాక్షి అయ్యాడు, సోక్రటీసు లాంటివాళ్ళలో కూడా దేవుని వాక్యపు విత్తనాలు పడ్డాయని రాశాడు. అంటే ఇంకో మతంలో నిజం అనేదే ఉండదు, అంతా సాతాను పనే అనేది అసలైన పాత క్రైస్తవ వైఖరేం కాదు.

ఇక కష్టమైన చోటుకి వచ్చాం. యేసు పేరే వినకుండా చనిపోయినవాళ్ళ సంగతేంటి? ఇది పుస్తకాల్లో ప్రశ్న కాదు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు బైబిల్ స్టడీ అయిపోయి అందరూ వెళ్ళిపోయాక, చెప్పులేసుకుంటూ, మెల్లగా అడుగుతారు, "మరి మా నాయనమ్మ?" అని. రోజూ పొద్దున్నే తులసికోట దగ్గర దీపం పెట్టి, గుమ్మంలోకి వచ్చిన ఎవర్నీ తినకుండా పంపని నాయనమ్మ. ఆ ప్రశ్నకి "నరకం" అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్ళని చూశాను, నాకు చాలా బాధేస్తుంది. బైబిల్ చెప్పని చోట అంత ధైర్యంగా తీర్పు చెప్పే అధికారం మనకి ఎవరిచ్చారు?

సంఘం ఈ విషయంలో ఒకే మాట మీద లేదు. మూడో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీ బిషప్ సిప్రియన్ సంఘం బయట రక్షణ లేదన్నాడు, అయితే అది ఆయన ఎక్కువగా సంఘాన్ని చీల్చి వెళ్ళిపోతున్నవాళ్ళ గొడవలో అన్న మాట. క్యాథలిక్ సంఘం 1964లో రెండో వాటికన్ మహాసభలో, తమ తప్పు లేకుండా సువార్త తెలియనివాళ్ళు నిండు మనసుతో దేవుణ్ణి వెతికి మనస్సాక్షి ప్రకారం నడిస్తే కృప వల్ల రక్షణ పొందగలరు అంది, 1965లో ఇతర మతాల్లో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని తిరస్కరించం అంది, మళ్ళీ 2000లో యేసు ఎందరో రక్షకుల్లో ఒకడనే అభిప్రాయం మాది కాదని గట్టిగా చెప్పింది. ప్రొటెస్టెంట్లలో బైబిల్‌నీ సువార్త ప్రకటననీ ముఖ్యంగా పట్టుకునే ఎవాంజెలికల్స్ 1974లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో చేసుకున్న ఒప్పందంలో క్రీస్తు అన్ని మతాల ద్వారా సమానంగా మాట్లాడుతున్నాడనే భావాన్ని తోసిపుచ్చారు. గట్టిగా పట్టుకునేవాళ్ళు "ఈ నామముననే రక్షణ పొందవలెను" అన్న అపొ. కార్యములు 4:12 చూపిస్తారు, విశాలంగా చూసేవాళ్ళు 10వ అధ్యాయంలో కొర్నేలీ ఇంట్లో పేతురు అన్న "దేవుడు పక్షపాతి కాడని నిజముగా గ్రహించియున్నాను, ప్రతి జనములోను ఆయనకు భయపడి నీతిగా నడుచుకొనువానిని ఆయన అంగీకరించును" అనే మాట చూపిస్తారు.

ఆ రెండూ అన్నది ఒకే పేతురు, ఇది మర్చిపోతాం. కొర్నేలీ రోమా శతాధిపతి, ప్రార్థనాపరుడు, ధర్మాలు చేసేవాడు, అతని ప్రార్థన దేవుడి దాకా వెళ్ళిందని దేవదూతే చెప్పాడు. అయితే ఆ దూత అక్కడితో ఆగి "నీకిది చాలు" అనలేదు, యొప్పే ఊరికి మనుషుల్ని పంపి పేతురుని పిలిపించుకో అన్నాడు, అతను చెప్పే మాటల వల్ల రక్షణ దొరుకుతుందన్నాడు, పేతురు వచ్చి చెప్పింది యేసు గురించి. అంటే దేవుడు అతని వెతుకులాటని అంగీకరించాడు, ఆ వెతుకులాటకి జవాబుగా యేసుని పంపించాడు. నా వరకు నేను నమ్మేది ఇది: ఎవరు రక్షించబడినా క్రీస్తు సిలువ వల్లే, వేరే దేనివల్లా కాదు. కానీ ఆ సిలువ ఫలితం యేసు పేరు చెవిన పడినవాళ్ళకే చేరుతుందా అంటే, అబ్రాహాము యేసు పేరు వినకుండానే విశ్వాసంతో నీతిమంతుడయ్యాడు, పొత్తిళ్ళలో చనిపోయే పసిబిడ్డల్ని దేవుడికి అప్పగించే మనం ఆ బిడ్డలు ఏ ప్రార్థన చేశారని అడగం. కాబట్టి ఆ నాయనమ్మ విషయంలో నేను చెప్పగలిగింది అబ్రాహాము అడిగిన మాటే, "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" ఆమె మీద తీర్పు చెప్పేది నా కంటే ఆమెని ఎక్కువగా ప్రేమించినవాడు. దీన్ని "అయితే ఇంక సువార్త ఎందుకు" అనడానికి వాడుకోకూడదు, దూత మాట తర్వాత కూడా పేతురు నడిచి వెళ్ళాల్సి వచ్చింది.

ఇంత చెప్పాక రోజువారీ సంగతి మాట్లాడకపోతే ఉపయోగం లేదు. యేసు ఒక్కడే అని నమ్మేవాడు వేరే దేవుళ్ళని స్టేజి మీద మైకులో ఎగతాళి చేయాలా? ఎఫెసులో అర్తెమి దేవి గుడి చుట్టూ పెద్ద అల్లరి జరిగినప్పుడు ఆ ఊరి కరణమే జనాన్ని ఆపి, వీళ్ళు గుడి దోచినవాళ్ళు కాదు, మన దేవతని దూషించినవాళ్ళూ కాదు అని పౌలు మనుషుల తరఫున సాక్ష్యం చెప్పాడు. పౌలు ఆ ఊళ్ళో చాలాకాలం ఉండి చేతులతో చేసినవి దేవుళ్ళు కావని బోధించాడు, అయినా దూషించాడనే పేరు రాలేదు. ఇప్పుడు యూట్యూబ్‌లో మనవాళ్ళు కొందరు చేసే వీడియోలకి ఏ ఊరి కరణమైనా ఆ సాక్ష్యం ఇవ్వగలడా? యేసు సమరయ స్త్రీతో మీరు మీకు తెలియనిదాన్ని ఆరాధిస్తున్నారు, రక్షణ యూదుల్లోంచే వస్తుంది అని మొహమాటం లేకుండా చెప్పాడు, చెప్పింది ఆమె దగ్గర మంచినీళ్ళు అడిగి, యూదులు అంటరానివాళ్ళుగా చూసే మనిషి చేతి నీళ్ళు అడిగి. తర్వాత మంచి పొరుగువాడు ఎవరో చెప్పాల్సి వచ్చినప్పుడు యాజకుణ్ణీ లేవీయుణ్ణీ వదిలేసి సమరయుణ్ణే హీరోని చేశాడు.

వినాయకచవితికి పక్కింటావిడ ఉండ్రాళ్ళు గిన్నెలో పెట్టుకుని వస్తుంది, ఇది ప్రతి ఏడాదీ మన ఇళ్ళల్లో వచ్చే అసలు పరీక్ష. పౌలు 1 కొరింథీయులు 10లో దీని గురించే రాశాడు, అంగడిలో అమ్మేది ఏదైనా మనస్సాక్షి కోసం విచారించకుండా తినండి, ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి, కానీ ఇది బలి అర్పించినది అని ఎవరైనా చెప్తే, చెప్పినవాడి కోసం తినొద్దు అన్నాడు. అంటే నైవేద్యం పెట్టింది అని తెలిసినప్పుడు తీసుకోకపోవడానికి ఒక కారణం ఉంది, అది ఆవిడ దేవుడి మీద ద్వేషం కాదు, నా ఆరాధన ఎవరికో ఆవిడకి తికమక లేకుండా ఉండడం. కానీ తలుపు సందులోంచి "మేం తినం" అని వేసేయడం వేరు, లోపలికి పిలిచి కూర్చోబెట్టి, "ఆంటీ, దేవుడికి పెట్టింది మేం తీసుకోం, మీరు ఏమీ అనుకోకండి, మీ చేతి వంట మాత్రం వదలం, నైవేద్యం పెట్టకముందు తీసి పక్కన పెడితే సంతోషంగా తింటాం" అని చెప్పి కాఫీ ఇచ్చి పంపడం వేరు. చాలామంది ఆంటీలు మరుసటి ఏడాది నిజంగానే విడిగా తీసి పంపిస్తారు. కొందరు నొచ్చుకుంటారు, అప్పుడు ఇంకోసారి వెళ్ళి మాట్లాడాలి. "ఎందుకు తినరు" అని ఆవిడ అడిగితే అదే పేతురు చెప్పినట్టు, మనలో ఉన్న నిరీక్షణకి కారణం అడిగిన ప్రతివాడికీ సాత్వికంతో జవాబు చెప్పాలి, అడగకపోతే కాఫీ తాగి కబుర్లు చెప్పుకోవాలి, వాళ్ళింట్లో ఎవరికి బాలేకపోయినా రాత్రి ఎన్ని గంటలైనా హాస్పిటల్‌కి బండి తీయాలి.